నవలలో మనుషులు అధ్యాయానికో తీరుగ మారుతున్నరు, ఎట్లా చదవాలె?

హన్మకొండ చదువరి

వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు చుట్టూ తిరిగే ఒక పాత నవల చదువుతున్న. 376 పేజీలు, 31 అధ్యాయాలు. పేరు కావాలనే చెప్తలేను, చదవనోళ్లకు కథ తెలిసిపోతది. సగం అయింది. భాష మస్తుగ ఉన్నది. సాంచాల చప్పుడు, జాబర్ల (కార్మికుల మీది మేస్త్రీల) పెత్తనం, షిఫ్టు కూత అన్నీ నమ్మేటట్లే రాసిండు. తిప్పలంతా మనుషులతోనే.

కనకయ్య అని జాబరున్నడు. 2వ అధ్యాయంల గొంతు లేపడు, సమ్మె రోజులల్ల తన డబ్బులు పక్కింటోళ్లకు ఇస్తడు. 7వ అధ్యాయానికి వచ్చేసరికి పనికి రానోళ్ల పేర్లు చీటీ మీద రాసి మేనేజరుకు అందిస్తడు. 11ల మిల్లు గేటు ముందల నిలబడి వెయ్యి మందిని ఆపిన నాయకుడు. 12ల అదే సమ్మె అప్పుడు ఇంట్ల తలుపేసుకొని కూసున్నడు.

ఆయన భార్య సత్తెమ్మ 4ల కాగితం మీద వేలిముద్ర వేస్తది, 9ల పక్కింటామెకు ఉత్తరం చదివి వినిపిస్తది, 15ల ఉత్తరం చేతుల పట్టుకొని చదివిపెట్టేటోళ్ల కోసం తిరుగుతది. కనకయ్య తమ్ముడు రాజన్నకు 5ల ఎడమకాలు కుంటు. 13ల గోడ దుంకి ఉరుకుతడు. ఇవి చాలవన్నట్టు 6, 8, 10 అధ్యాయాలల్ల 'బాపు' అని ఒకాయన వస్తడు, మూడుచోట్లా ముగ్గురు వేరే మనుషుల లెక్క ఉంటడు.

అధ్యాయాలకు అంకెలే ఉన్నయి. పేర్లు లేవు, సంవత్సరాలు లేవు. ఇది రచయిత తప్పా, కావాలని చేసిండా? ఎట్లా తేల్చాలె? నోట్సు ఏ పద్ధతిల రాసుకోవాలె? మా చదువరుల బృందంల వచ్చే ఆదివారం మొదటి 15 అధ్యాయాల మీద మాట్లాడే వంతు నాదే. సగం మంది "వదిలెయ్యి" అంటున్నరు.

పోచమ్మమైదాన్

ఆ సగం మందితోనే నేనూ. నూరు పేజీలు దాటినంక కూడా ఒక మనిషి ఎసుంటోడో పాఠకునికి చెప్పలేకపోతే రచయిత చేతుల పాత్ర లేదన్నట్టే.

వదిలేసే ముందు రెండు సంగతులు చూడు. ఒకటి, ఇది ఒక్కరే రాసిందా? గొలుసుకట్టు నవలలని ఉండేవి, ఒక్కో అధ్యాయం ఒక్కో రచయిత రాసేటోళ్లు. వాటిల్ల మొదటాయన మంచోన్ని చేసినోన్ని మూడో ఆయన దొంగను చేస్తడు, ఐదో ఆయన సాధువును చేసి చేతులు దులుపుకుంటడు. రెండోది, వారపత్రికల సీరియల్‌గ వచ్చిందా? ముందుమాట చదివితే తెలుస్తది, లేకుంటే లోపలి పేజీల్నే చూసుకో. అధ్యాయాలన్నీ దగ్గరదగ్గర ఒకే పొడుగుంటే, ప్రతిదీ గండం మీదనే ఆగితే, తర్వాతి అధ్యాయం మొదట్ల జరిగిన కథ రెండు వాక్యాలల్ల మళ్లీ చెప్తే అది సీరియలే. సీరియల్ రాసేటాయనకు అచ్చయిన భాగాన్ని వెనక్కు పోయి దిద్దే వీలుండదు. పాఠకుల ఉత్తరాలను బట్టి విలన్ మంచోడైతడు. పుస్తకంగ వేసేటప్పుడు దిద్దాలె, దిద్దనోళ్లు మస్తుమంది.

ప్రూఫులగది

రచయితను తిట్టే ముందు పుస్తకాన్ని చూడండి. ఇది పది నిమిషాల పని.

మన దగ్గర నవలలు ఎక్కువగా 16 పేజీల ఫారాలుగా, అంటే ఒకే పెద్ద కాగితం మీద వేసి మడిచిన కట్టలుగా, అచ్చవుతాయి. 376 పేజీలంటే ఇరవై మూడున్నర ఫారాలు. బైండింగ్‌లో ఒక ఫారం ముందుకో వెనక్కో పోవడం, ఒకటే ఫారం రెండుసార్లు పడి ఇంకొకటి ఎగిరిపోవడం పాత పుస్తకాల్లో అరుదేమీ కాదు. అట్లా జరిగితే తేడా ఎక్కడబడితే అక్కడ రాదు, ఫారం అంచు మీదే వస్తుంది. మొదటి పేజీ నుంచే అంకెలు లెక్కపెట్టి ఉంటే కొత్త ఫారం 17, 33, 49, 65, 81, 97 పేజీల దగ్గర మొదలవుతుంది. ముందుమాట పేజీలకు వేరే అంకెలు వేసి ఉంటే ఈ లెక్క కొద్దిగా జరుగుతుంది, అంతే. ఆ అంచుల దగ్గర పై పేజీ చివరి వాక్యం కింది పేజీలో అతుకుతుందో లేదో చూడండి. సగం వాక్యం ఆగి వేరే వాక్యం మధ్యలోంచి మొదలైతే తప్పు బైండరుది.

పేజీ అంకెలు వరసగా ఉన్నాయి కదా అని ఊరుకోవద్దు. రెండో ముద్రణకు మళ్లీ కంపోజ్ చేయించినప్పుడు రాతప్రతి కట్టలోనే కాగితాలు తారుమారైతే అంకెలు చక్కగానే వస్తాయి, కథే తిరగబడుతుంది. ఇంకో ముద్రణ దొరికితే అధ్యాయాల మొదటి వాక్యాలు మాత్రం పోల్చండి. అన్నీ అక్కర్లేదు, అనుమానం ఉన్న నాలుగైదు చాలు. పాత గ్రంథాలయాల్లో అడగండి, హన్మకొండలోనే 1904లో పెట్టిన రాజరాజ నరేంద్ర భాషానిలయం ఉంది. చదువుతున్నది ఫోన్‌లో స్కాన్ కాపీ అయితే మొట్టమొదటి అనుమానం దాని మీదే పెట్టుకోండి. రెండు పేజీలు ఒకేసారి తిరగేసి స్కాన్ చేసిన పుస్తకాలు కోకొల్లలు.

పేర్ల అచ్చుతప్పులు కూడా ఒక కంట కనిపెట్టండి. రాజన్న, రాజయ్య ఒక్క అక్షరం తేడా. కంపోజిటర్ చెయ్యి జారితే ఇద్దరు మనుషులు ఒకరవుతారు. 13లో గోడ దూకింది రాజన్నేనా, రాజయ్య అనేవాడు ఇంకెక్కడైనా ఉన్నాడా?

మిల్లుకాలనీ

చదువరి తమ్మీ, నువ్వు చెప్పిన మార్పులల్ల సగం మార్పులే కావని నా అనుమానం. అధ్యాయాలు కాలం వరుసల లేకపోవచ్చు. 2ల మంచితనం ముందుది, 7ల చీటీ తర్వాతది అని నువ్వు అనుకుంటున్నవు, ఎందుకంటే 2 ముందు చదివినవు కాబట్టి. తారీకులు లేవన్నవు గదా, మన ప్రాంతం నవలైతే తారీకు అక్కర్లేదు. సొమ్ము, తూకం, కొలువుల పేర్లు చూస్తే ఏ అధ్యాయం ఏ కాలందో దొరుకుతది.

ముందు సొమ్ము చూడు. హాలీ సిక్కా (నిజాం రూపాయి), కల్దార్ (ఇంగ్లీషోళ్ల రూపాయి) అని రెండు రూపాయల లెక్క నడుస్తున్నదంటే అది నిజాం కాలమన్నా కావాలె, పోలీసు చర్య తర్వాతి కొన్నేండ్లన్నా కావాలె. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం. హాలీ సిక్కా 1959 వరకు చెల్లింది. నయాపైస అన్న మాట కనబడితే ఆ అధ్యాయం 1957 ఏప్రిల్ 1కి ముందరిది కానే కాదు. 1964ల 'నయా' అన్న ముక్క తీసేసిన్రు కాబట్టి సర్కారు కాగితం మీద నయాపైసలని ఉంటే ఆ ఏడేండ్ల నడుమదే.

ఇక్కడ ఒక గుంత ఉన్నది, చాలామంది అండ్ల పడుతరు. మనిషి నోట్ల 'చారాణ', 'ఆఠాణ' అని వినబడంగనే అణాల కాలమని రాసుకోవద్దు. పైసలు వచ్చినంక కూడా పావలాను చారాణ అన్నరు, అర్ధరూపాయిని ఆఠాణ అన్నరు. సేరు కూడా అంతే. కిలోలు 1958 నుంచి మెల్లగ వచ్చినయి, 1962 నాటికి చట్టంల సేర్లు పోయినయి, అవ్వల నోట్ల మాత్రం ఎన్నో ఏండ్లు ఉన్నయి. అందుకే మాటల్ల ఉన్నదానికంటే దుకాణం బోర్డు మీద, రసీదు మీద, స్టాంపు కాగితం మీద ఏమున్నదో అదే పట్టుకో. పాత మాట కొత్త కాలంల బతుకుతది, కొత్త మాటకు పాత కాలంల పుట్టుకే లేదు. అంటే పాత మాటతోని ఏదీ తేలదు, కొత్త మాట ఒక్కటి దొరికితే తేలిపోతది.

కొలువులు కూడా సాక్ష్యమే. జిల్లా పెద్దను 'అవ్వల్ తాలూక్‌దార్' అన్నరంటే నిజాం రాజ్యం, కలెక్టర్ అన్నరంటే తర్వాత. ఎక్కడన్న ఫసలీ సంవత్సరం (నిజాం సర్కారు కాగితాల మీది ఏడు) కనబడితే 590 కలుపు, ఏడాది అటో ఇటో పడుతది. ఫసలీ 1357 అంటే 1947-48, అంటే రజాకార్ల కాలం. మిల్లు పెట్టిందే 1934ల, కాబట్టి మిల్లు కూత వినబడే ఏ అధ్యాయమూ దానికి ముందు పోదు.

బయటి గుర్తులు దొరకని అధ్యాయాలకు ఇంట్ల పిల్లల వయసు పట్టుకో. కడుపుతోని ఉన్నదా, బిడ్డ పాకుతున్నదా, బడికి పోతున్నదా. రచయితలు సంవత్సరాలు దాస్తరు గని పిల్లల ఎదుగుదల దాచలేరు.

ఒక కాగితం మీద అడ్డంగ గీత గీసి 1934, 1948, 1957, 1969 గుర్తులు పెట్టు. 15 అధ్యాయాల అంకెలు ఆ గీత మీద పేర్చు. తేలనివాటిని గీత కింద పెట్టు, బలవంతంగ పైన ఇరికియ్యకు.

హన్మకొండ చదువరి

అన్నా, కూసొని చేసిన. ముందుగాల ప్రూఫుల సారుకు: ఫారం అంచులన్నీ చూసిన, వాక్యాలు అతుకుతున్నయి. స్కాన్ కాదు, అచ్చు పుస్తకమే. సీరియల్ గుర్తులు కూడా లేవు, ఒక అధ్యాయం నాలుగు పేజీలు, ఇంకోటి ఇరవై రెండు. రాజయ్య అనేటోడు ఎక్కడా లేడు.

గీత మీద పెడితే ఇట్లా వచ్చింది. 7ల (మేనేజరుకు చీటీ) జీతం హాలీ సిక్కాలల్ల లెక్కపెడుతరు. 2ల (డబ్బులు పంచుడు) బస్సు టికెట్ మీద నయాపైసలు. అంటే చీటీలిచ్చింది ముందు, పంచింది తర్వాత అయి ఉంటది! 15ల సత్తెమ్మ ఉత్తరం పట్టుకొని పోయేది తాలూక్‌దార్ కచ్చేరి గుమస్తా దగ్గరికి. 9ల రేషన్ దుకాణం బోర్డు కిలోలల్ల ఉన్నది. కాబట్టి నడుమ ఎప్పుడో చదువు నేర్చింది.

కాని 4 తోనే పేచీ వచ్చింది. 9ల బిడ్డ కడుపుతోని ఉన్నది. 4ల ఆ బిడ్డ కొడుకు వాకిట్ల ఆడుతున్నడు. అంటే 4 అన్నిటికంటే తర్వాతది, చదువు వచ్చిన సత్తెమ్మ ఇంటి కాగితం మీద వేలిముద్ర వేస్తున్నది. ఇది ఎట్లా?

11, 12 రెండూ ఒకే సమ్మె, ఒకే వారం. కాలం తోని అవి తేలుతలేవు. 'బాపు' సంగతి, రాజన్న కాలు కూడా అట్లనే ఉన్నయి.

సారస్వతం

కాలంతో తేలనివి ఎక్కువగా చెప్పేవాళ్లతో తేలుతాయి. తెలుగులో కథ చెప్పేది ఎవరో కనిపెట్టడం కొంచెం సులువు. మన సర్వనామాలే చాడీ చెబుతాయి. రచయిత 'నేను' అనకపోయినా, అధ్యాయమంతా కనకయ్యను 'వాడు' అంటుంటే ఆ చూపు అతనికి పైనున్నవాళ్లది, 'ఆయన' అంటుంటే ఇంట్లోవాళ్లదో కింద పనిచేసేవాళ్లదో. 7వ అధ్యాయం తీసి చూడండి. అక్కడ అతను వాడా, ఆయనా? 'వాడు' అయితే అది మిల్లు ఆఫీసు కుర్చీలోంచి చూసిన కనకయ్య. చీటీ ఇచ్చింది నిజమే కావచ్చు, కానీ అది ఇష్టంగా ఇచ్చాడా బెదిరిస్తే ఇచ్చాడా అన్నది ఆ కుర్చీలోంచి కనిపించదు.

11కు ఇంకో పరీక్ష ఉంది. క్రియల చివర చూడండి. 'నిలబడ్డడు, ఆపిండు' అని ఉందా, 'నిలబడ్డడట, ఆపిండట' అని ఉందా? 'అట' ఉంటే చెప్పేవాడు గేటు దగ్గర లేడు, విన్నాడు. వెయ్యి మంది అన్న లెక్క కూడా విన్నదే. అయితే మన మాండలికంలో రాసే రచయితలు కొందరు కథ చెప్పే తీరు కోసం నవల అంతటా 'అట' వాడతారు. అందుకని ఒక్క 11నే చూసి తీర్పు చెప్పవద్దు. వేరే రెండు అధ్యాయాల్లో పదేసి పేజీలు తిరగేసి 'అట' ఎంత తరచుగా వస్తుందో చూడండి. మిగతాచోట్ల దాదాపు లేకుండా 11లోనే కుప్పపోసినట్టుంటే అది శైలి కాదు, సాక్ష్యం.

'బాపు' గురించి. అది పేరు కాదు కదా, వరస. 6లో, 8లో, 10లో ఎవరి నోటి నుంచి వస్తుందో రాసుకుంటే ముగ్గురు బాపులు ముగ్గురు మనుషులేనని తేలవచ్చు. కొడుకు నోట్లో బాపు కనకయ్య, కనకయ్య నోట్లో బాపు అతని తండ్రి, కొన్ని ఇళ్లల్లో మనవలు తాతను కూడా బాపు అనే పిలుస్తారు. దీనికి తోడు తాత పేరు మనవడికి పెట్టే అలవాటు ఒకటి. ఇట్లాంటి కుటుంబ కథల్లో చిన్న కనకయ్య ఎక్కడో ఒకచోట పుట్టి తీరతాడు. రెండో సగంలో జాగ్రత్తగా ఉండండి. సత్తెమ్మ వైపు నుంచి నడిచే అధ్యాయాల్లో ఇంకో చిక్కు: ఆమె తరం ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో అనరు. 'ఆయన', 'పిల్లల తండ్రి' అనే వస్తుంది. అదే పేజీలో మామ గురించి కూడా 'ఆయన' అని ఉంటే ఏ ఆయన ఏం చేశాడో కలిసిపోతుంది. పెన్సిల్‌తో ప్రతి 'ఆయన' మీదా క, మ అని అక్షరం వేసుకుంటూ పోతే ఆ అధ్యాయం విడిపోతుంది.

ఇక 4లో వేలిముద్ర. ఇది మీ నవలలో అన్నిటికంటే మంచి చోటు అనుకుంటున్నాను. కాలం తేల్చింది, చెప్పేవాళ్లూ అడ్డం రావడం లేదు, అయినా మనిషి మనం అనుకున్నట్టు చేయలేదు. ఇంగ్లీషు నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో నవల మీద చేసిన ఉపన్యాసాల్లో నిండు పాత్రకు ఒక పరీక్ష పెట్టాడు: ఆ మనిషి మనల్ని ఆశ్చర్యపరచాలి, ఆ ఆశ్చర్యం నమ్మేట్టు ఉండాలి. ఆశ్చర్యపరచకపోతే చదును పాత్ర, నమ్మకం కలగకపోతే నిండు పాత్ర వేషం వేసుకున్న చదును పాత్ర. సత్తెమ్మకు ఈ పరీక్ష పెట్టండి. కాగితం రాయించింది ఎవరు? ఆమెకు చదువు వచ్చని ఆ గదిలో ఉన్నవాళ్లలో ఎవరికి తెలుసు? 9లో ఆమె ఉత్తరం చదివేటప్పుడు ఇంట్లో మగవాళ్లు ఉన్నారా? లేకపోతే ఆమె చదువు పక్కింటామెకు తప్ప ఎవరికీ తెలియదన్నమాట. అప్పుడు వేలిముద్ర వేయడం చదువు దాచుకోవడమే. రచయిత కారణం చెప్పకుండా ఊరుకుంటే అది లోటు కాదు. పాఠకుడు పోగుచేసుకోవడానికి కావలసినవి ముందే వదిలాడా లేదా అన్నదే ప్రశ్న.

మనసు క్షణానికోసారి మారడం, మనిషి మారడం ఒకటి కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఓరుగల్లు రచయిత నవీన్ 1969లో తెచ్చిన 'అంపశయ్య' ఉస్మానియాలో చదివే ఒక విద్యార్థి ఒక్క రోజు కథ. ఆ ఒక్క రోజులో ఆశ, అసూయ, సిగ్గు, కోపం అన్నీ వచ్చిపోతాయి, మనిషి మాత్రం అతనే. మీ 12వ అధ్యాయంలో తలుపేసుకున్న కనకయ్యది ఒక పూట భయమైతే దాన్ని పిరికితనం అని పాత్ర కింద రాసుకోకూడదు.

ప్రూఫులగది

సారస్వతం గారూ, బాగా చెప్పారు. ఒక్కటి కలుపుతాను. పేర్ల తిప్పలు రష్యన్ అనువాదాల్లో ఇంతకు పదింతలు. అక్కడ ఒకే మనిషికి సొంత పేరు, తండ్రి పేరును బట్టి వచ్చే పేరు, ఇంటిపేరు, ముద్దుపేరు ఉంటాయి. అలెగ్జాండర్‌ను సాషా అంటారు, దిమిత్రీని మీత్యా అంటారు. ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్లు వచ్చారనుకుని చదివేస్తే వందో పేజీకి అంతా గందరగోళం. పుస్తకం మొదట్లో పాత్రల పట్టిక ఉంటే దానికి ఒక కాగితం అడ్డం పెట్టుకుని చదవడమే మందు. మన నవలలకు అట్లాంటి పట్టిక వేసే అలవాటు లేదు, వేస్తే బాగుండు.

పోచమ్మమైదాన్

అన్నీ బాగనే ఉన్నయి గని, పాఠకుడు గీతలు గీసి, అక్షరాలు వేసి, 'అట'లు లెక్కపెట్టి కథను అతుక్కోవాలంటే రచయిత చేసిన పనేంది? తారీకు పైన వేస్తే పోయేదేముంది? ఇంకోటి, రాజన్న కాలుకు ఎవరూ జవాబు చెప్తలేరు. అది మాత్రం తప్పే. కుంటుకాలు తోని గోడ దుంకుడు ఏ చూపుల నుంచి చూసినా కుదరది.

మిల్లుకాలనీ

తారీకు వేస్తే కనకయ్య ముందు చెడ్డోడు, తర్వాత బాగుపడ్డడు అని సాఫ్‌సీదా కథ అయితది. ఇప్పుడున్నట్టయితే మంచోడనుకున్నోని చేతుల చీటీ చూసి నువ్వు ఉలిక్కిపడుతవు. ఆ ఉలికిపాటు కోసమే 2ను ముందు పెట్టిండనిపిస్తంది. నీకు నచ్చకపోవచ్చు, అది వేరే సంగతి.

కాలు గురించి నువ్వన్నదే నిజం కావచ్చు, కాని తొందర వద్దు. తమ్మీ, మూడు చూడు. 13 కాలం తేలిందా? 5 కంటే ముందరిదైతే అప్పటికి కాలు బాగనే ఉన్నదన్నట్టు, దెబ్బ ఎట్లా తగిలిందన్నది రెండో సగంల రావాలె. అది తేలకుంటే 13 ఎవరు చెప్తున్నరో చూడు, చిన్న పిలగాడైతే చీకట్ల ఎవర్నో చూసి కాక అనుకోవచ్చు. ఆ రెండూ కాకుంటే కుంటు గురించి పుస్తకం మొత్తంల ఎన్నిసార్లు వచ్చిందో వెతుకు. ఒక్క 5లనే వచ్చి మళ్లెక్కడా రాకుంటే రచయిత మరిచిపోయినట్టే. నాలుగైదు చోట్ల వస్తుంటే 13ల ఏదో ఉన్నది.

మరుపు పెద్ద పెద్దోళ్లకే తప్పలేదు. షెర్లాక్ హోమ్స్ కథలల్ల డాక్టర్ వాట్సన్‌కు యుద్ధంల తగిలిన తూటా 1887 నాటి మొదటి నవలల భుజానికి, 1890 నాటి రెండో నవలల కాలుకు. స్పానిష్ నవల డాన్ కిహోటే మొదటి భాగంల (1605) నాయకుని సేవకుడు సాంకో గాడిద దొంగతనమైతది, దొరికినట్టు చెప్పకుండనే మళ్లీ దాని మీదెక్కి పోతడు. పదేండ్లకు వచ్చిన రెండో భాగంల పాత్రలే ఆ తప్పు గురించి ముచ్చట పెట్టుకుంటరు. ఇసుంటివాటి గుర్తేందంటే, తప్పు జరిగిన చోట కథ ఏమీ మారదు. భుజమైనా కాలైనా వాట్సన్ వాట్సనే. కావాలని చేసిన మార్పయితే దాన్ని పట్టి కథ ఎటో ఒకదిక్కు తిరుగుతది.

సారస్వతం

నోట్సు ఎట్లా అని అడిగారు, దానికి ఎవరూ జవాబివ్వలేదు. అందరికీ రాయవద్దు. ఐదుగురు చాలు, మిగతావాళ్లు వాళ్ల వెనక వస్తారు. ఒక్కొక్కరికి ఒక అరతావు. దాంట్లో నిలువుగా నాలుగు గడులు: పేజీ, ఏం చేశాడు, ఎవరి ముందు చేశాడు, ఎవరు చెబుతున్నారు. మూడో గడి చాలామంది వదిలేస్తారు, కానీ మనుషులు మారినట్టు కనిపించేది ఎక్కువగా దానివల్లే. మేనేజరు ముందు కనకయ్య, పెళ్లాం ముందు కనకయ్య, యూనియన్ వాళ్ల ముందు కనకయ్య. ఒక్కో గదిలో ఒక్కో తీరుగా ఉండటం మారడం కాదు.

రెండో గడిలో 'మంచివాడు', 'పిరికివాడు' అని రాయకండి. 'ముప్పై రూపాయలు ఇచ్చాడు', 'తలుపు గొళ్లెం పెట్టాడు' అని పని మాత్రం రాయండి. విశేషణం రాస్తే తర్వాతి అధ్యాయం దానికి ఎదురు తిరిగిందనిపిస్తుంది, పని రాస్తే రెండు పనులు పక్కపక్కన ఊరికే ఉంటాయి. మాటలు రాసేటప్పుడు పాత్ర మాటను ఉన్నది ఉన్నట్టు రాయండి, సారాంశం వద్దు. 'పోతనే గదా' అన్నదానికీ 'వెళ్తానన్నాడు' అన్నదానికీ చాలా దూరం.

చదువుతూ ప్రతి పేజీకి ఆగి రాస్తే నవల చస్తుంది. అధ్యాయం ఒక గుక్కలో చదివి, పెన్సిల్ చుక్కలు మాత్రం పెట్టుకుంటూ పోయి, అయ్యాక ఐదు నిమిషాలు రాయండి. కారణం గడి పెట్టకండి. కారణం రాసుకున్న చేత్తోనే తర్వాతి అధ్యాయాన్ని దానికి సరిపోయేట్టు వంచుతాం.

హన్మకొండ చదువరి

సార్, 11ల 'అట' కుప్పలు కుప్పలుగ ఉన్నది, చాయ్ హోటల్ల కూసున్న ఒక వైండింగ్ కార్మికుడు చెప్తున్నడు. 2ల, 12ల వెతికితే అక్కడొకటి ఇక్కడొకటి తప్ప లేవు. 12 చెప్పేది కొడుకు, బాపు అనే అంటడు. 7ల మొత్తం 'వాడు'నే. 9ల ఇంట్ల మగోళ్లు ఎవరూ లేరు, రెండో షిఫ్టుకు పోయిన్రని ఒక్క వాక్యం ఉన్నది, నేను దాన్ని దాటేసిన. రాజన్న కాలు ఇంకా తేలలేదు, 13ల సొమ్ము లేదు, తూకం లేదు, పిల్లలు లేరు.

ఆదివారం ఎట్లా నడపాలె? రెండు గంటలే ఉంటది, పన్నెండు మందిమి.

మిల్లుకాలనీ

కథ మొత్తం చెప్పకు, చదివినోళ్లకు విసుగు. గీత గీసిన కాగితం పెద్దగ రాసి గోడకు పెట్టు, అంకెలు మాత్రం ముందే నింపకు. చిన్న చిట్టీలు చేసి ఒక్కొక్కరికి ఒక్కో అధ్యాయం ఇయ్యి, వాళ్లే సాక్ష్యం పేజీ చెప్పి గీత మీద అతికియ్యాలె. పేజీ చూపెట్టకుండ 'నాకట్లా అనిపించింది' అన్నోళ్ల చిట్టీ గీత కిందనే ఉంటది. దీనికి ముప్పావు గంట. మిగతా టైమంతా 4వ అధ్యాయం మీదనే పెట్టు, వేలిముద్ర సీను గట్టిగ చదివిపియ్యి. 16 తర్వాత చదివినోళ్లు ఉంటే నోరు మూసుకొని కూసోమని ముందే చెప్పు.

వదిలెయ్యమన్నోళ్లకు 7, 2 ఈ వరుసల మళ్లొకసారి చదివి రమ్మను. రెండే అధ్యాయాలు గదా.

పోచమ్మమైదాన్

7, 2 తిప్పి చదువుత, సరే. కాని 13ల కాలు తప్పేనని నా మాట. 31 అయినంక వచ్చి చెప్పు.